డబ్బులిచ్చే ముందే డబ్బా చదవండి: పురుగుమందు లేబుల్ చూసి కొనడం, వాడటం ఎలా

శ్రీకాకుళం జిల్లా నరసన్నపేటలోనో విజయనగరం జిల్లా రాజాంలోనో పురుగుమందుల షాపు ముందు కాసేపు నిలబడితే బేరం ఎలా సాగుతుందో తెలిసిపోతుంది. రైతు జేబులోంచి ఎండిన వరి ఆకు తీసి చూపిస్తాడు. "మావా, ఇది కొట్టు, వారంలో తేడా కనబడతాది" అంటూ షాపతను ఒక సీసా, దాని పక్కనే అడగని ఇంకో ప్యాకెట్టూ బల్ల మీద పెడతాడు. రైతు అడిగేది ఒక్కటే, ఎంతైందని. సీసా తిప్పి వెనక వైపు ఎవరూ చూడరు. షాపతన్ని తిట్టుకుని లాభం లేదు. అరువు ఇచ్చేదీ అతనే, రేపు మళ్లీ మొహం చూడాల్సిందీ అతన్నే. కానీ పంట పోయాక అతని నోటిమాట ఎక్కడా నిలవదు, సీసా మీద అచ్చైన మాట నిలుస్తుంది.

సీసా మీద పెద్ద అక్షరాల్లో ఉండే పేరు కంపెనీ పెట్టుకున్నది. చిన్న అక్షరాల్లో ఉన్నదంతా చట్టం రాయించింది. 1968 నాటి పురుగుమందుల చట్టం, 1971 నాటి నిబంధనలు లేబుల్ మీద ఏమేం ఉండాలో వరసగా చెప్పాయి. మందుతో పాటు మడతపెట్టిన కరపత్రం ఇవ్వాలి, అందులో ప్రాంతీయ భాష కూడా ఉండాలి. చాలామంది ఆ కాగితాన్ని షాపు మెట్ల మీదే పారేస్తారు. అలా చేయకండి. అక్షరాలు కనబడకపోతే ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసుకుని చదవండి.

ముందు పురుగు పేరు తేల్చుకోండి

మొవ్వు ఎండిపోతే కాండం తొలిచే పురుగు. మొవ్వు స్థానంలో ఉల్లికాడ లాంటి గొట్టం వస్తే ఉల్లికోడు. మొదళ్ల దగ్గర గుంపులుగా పురుగులుండి, చేను వలయాలుగా ఎండుతుంటే సుడిదోమ. మూడింటికీ ఒకే మందు పనిచేయదు. ఉల్లికాడ బయటికి కనబడిన తరవాత ఆ పిలక మీద ఎంత మందు కొట్టినా అది కంకి వేయదు. అందుకే ఊళ్లో రైతు సేవా కేంద్రంలోని వ్యవసాయ సహాయకుడికి మొక్కని వేళ్లతో సహా చూపించి, పురుగు పేరు కాగితం మీద రాయించుకుని షాపుకి వెళ్లండి. అక్కడ మనిషి దొరక్కపోతే కిసాన్ కాల్ సెంటర్ 1800 180 1551కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు. ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రం, రాగోలు పరిశోధన కేంద్రం దగ్గరలో ఉన్నవాళ్లు నేరుగా వెళ్లొచ్చు.

సీసా చేతికి రాగానే మొదట రిజిస్ట్రేషన్ నంబరు వెతకండి

మన దేశంలో ఏ పురుగుమందైనా, తెగులు మందైనా, కలుపు మందైనా అమ్మాలంటే ఫరీదాబాద్‌లో ఉన్న కేంద్ర పురుగుమందుల బోర్డు, రిజిస్ట్రేషన్ కమిటీ దగ్గర నమోదై ఉండాలి. ఆ నమోదు సంఖ్య ఇంగ్లీషులో సీ, ఐ, ఆర్ అనే మూడు అక్షరాలతో మొదలవుతుంది. తరవాత ఒక అంకె, ఏడాది, మందు పేరు ఉంటాయి. ఇది కాక తయారీ లైసెన్సు నంబరు వేరుగా ఉంటుంది. బ్యాచ్ నంబరు, తయారైన తేదీ, గడువు తేదీ కూడా ఉండాలి. చాలా మందులకి గడువు రెండేళ్లు. గడువు తీరిన సరుకు అమ్మడం నేరం, షాపులో దాన్ని వేరే మూలకి తీసి పెట్టాలి.

మన జిల్లాల్లో ఎక్కువ మోసం జరిగేది ఈ నంబరు లేని సీసాలతోనే. "ఇది బయో అండీ, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు" అంటారు. వేప నుంచి తీసిన అజాడిరాక్టిన్ మందు అయినా, ట్రైకోడెర్మా, సూడోమోనాస్ లాంటి మేలుచేసే సూక్ష్మజీవుల పొడి అయినా తెగులుకో పురుగుకో అని అమ్మితే ఈ చట్టం కిందికే వస్తుంది, సీఐఆర్ నంబరు ఉండాల్సిందే. మొక్క ఎదుగుదలకని అమ్మే బయో స్టిమ్యులెంట్లు వేరు. అవి 2021 నుంచి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి వచ్చాయి. ఎదుగుదల మందని రాసి, పైన గొంగళి పురుగు బొమ్మ వేసిన సీసా కనబడితే అక్కడే వదిలేయండి. నిజంగా వట్టి బయో మందైతే పురుగు మెల్లగా చావాలి. సాయంత్రం కొడితే పొద్దుటికి పురుగులు రాలిపోయాయని మెచ్చుకుంటున్నారంటే, లోపల లేబుల్ మీద రాయని రసాయనం ఉందేమోనని అనుమానించాలి. అప్పుడు ఏం కొట్టామో మనకీ తెలియదు, ఒంటికి పడితే డాక్టరుకీ తెలియదు.

బ్రాండు కాదు, అసలు పేరు చదవండి

బ్రాండు పేరు కింద చిన్నగా మందు అసలు పేరు, శాతం, రకం ఉంటాయి. "క్లోరాంట్రానిలిప్రోల్ 18.5% ఎస్సీ" అన్నట్టు. ఈసీ అంటే నీళ్లలో కలిపితే పాలలా మారే నూనె మందు, ఎస్సీ అంటే చిక్కటి ద్రవం, డబ్ల్యూపీ అంటే నీళ్లలో కలిపే పొడి, జి అంటే గుళికలు. ఈ వరుస చదివితే రెండు లాభాలు. ఒకటి, షాపతను పెట్టిన రెండు సీసాల్లోనూ ఒకే మందు ఉందేమో తెలుస్తుంది. వేర్వేరు కంపెనీల రంగురంగుల సీసాలు కాబట్టి వేర్వేరు మందులనుకుని రెండూ కలిపి కొట్టి, డోసు రెట్టింపు చేసుకునేవాళ్లు తక్కువేం కాదు. రెండోది ధర. క్లోరాంట్రానిలిప్రోల్ పేటెంట్ 2022లో ముగిసింది, ఇప్పుడు చాలా కంపెనీలు అదే మందు అమ్ముతున్నాయి. అసలు పేరు తెలిస్తే ధరలు పోల్చి అడగొచ్చు.

మీ పంట పేరు కరపత్రంలో ఉందా?

రిజిస్ట్రేషన్ ఇచ్చేది మందుకి మాత్రమే కాదు, ఫలానా పంట మీద ఫలానా పురుగుకి ఫలానా మోతాదులో అని ఇస్తారు. కరపత్రంలో పట్టిక ఉంటుంది: పంట, పురుగు, హెక్టారుకి మోతాదు, నీళ్లు, చివరి పిచికారీకీ కోతకీ మధ్య ఆగాల్సిన రోజులు. మీ పంట ఆ పట్టికలో లేకపోతే ఆ మందు ఆ పంటకి పనిచేస్తుందనీ, కాయలో ఎంత మిగులుతుందనీ ఎవరూ లెక్క చూసి ఒప్పుకోలేదని అర్థం. వరికీ మిరపకీ పట్టిక నిండుగా ఉంటుంది. చోడి (రాగి) లాంటి చిన్న పంటలకి మందులు తక్కువ. అలాంటప్పుడు షాపు మాట మీద వెళ్లకుండా కృషి విజ్ఞాన కేంద్రాన్ని అడగడం మేలు.

ఇక డోసు లెక్క. తప్పులన్నీ ఇక్కడే జరుగుతాయి కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

కరపత్రం హెక్టారు లెక్కలో చెబుతుంది, మనం ఎకరాల్లో ఆలోచిస్తాం. హెక్టారంటే దాదాపు రెండున్నర ఎకరాలు. అందుకని హెక్టారు మోతాదుని రెండున్నరతో భాగిస్తే ఎకరం మోతాదు వస్తుంది. వరిలో కాండం తొలిచే పురుగుకి క్లోరాంట్రానిలిప్రోల్ 18.5% ఎస్సీ హెక్టారుకి 150 మిల్లీలీటర్లు, 500 లీటర్ల నీళ్లు. అంటే ఎకరానికి 60 మిల్లీలీటర్లు, 200 లీటర్ల నీళ్లు. మీది నలభై సెంట్లయితే 24 మిల్లీలీటర్లు చాలు.

ఇప్పుడు ట్యాంకు చూడండి. 16 లీటర్ల ట్యాంకుతో 200 లీటర్లు కొట్టాలంటే పన్నెండున్నర ట్యాంకులు. ట్యాంకుకి 4.8 మిల్లీలీటర్లు పడుతుంది. కానీ మన దగ్గర కూలీ ఎకరానికి పది ట్యాంకులకి మించి కొట్టడు. "లీటరుకి 0.3 మిల్లీలీటర్లు" అన్న మాటే పట్టుకుని పది ట్యాంకులు కొడితే చేనులో పడేది 48 మిల్లీలీటర్లే. పురుగు చావదు, మందు నకిలీదంటాం. వచ్చేసారి డోసు రెట్టింపు చేస్తాం, అప్పుడు వేరే నష్టం. కాబట్టి ముందు ఎకరానికి ఎన్ని ట్యాంకులు పడతాయో వట్టి నీళ్లతో కొట్టి చూసుకోండి. ఎకరానికి కావాల్సిన మందుని ఆ ట్యాంకుల సంఖ్యతో భాగించండి. పది ట్యాంకులైతే ట్యాంకుకి 6 మిల్లీలీటర్లు. దీన్ని మూతతో కొలవద్దు, ఒక్కో సీసా మూత ఒక్కో సైజు. మెడికల్ షాపులో దొరికే సూది లేని సిరంజి ఒకటి కొని, దాని మీద "పొలం మందు" అని రాసి, స్ప్రేయరుతో పాటు పెట్టుకోండి. మళ్లీ ఇంట్లోకి తేకండి.

ఆగాల్సిన రోజులు

పట్టికలో చివరి గడి ఇది. కూరగాయలు వేసేవాళ్లు దీన్నే ముందు చూడాలి. ఒకే మందుకి పంటని బట్టి రోజులు ఎంత మారతాయో చూడండి: క్లోరాంట్రానిలిప్రోల్ 18.5% ఎస్సీకి వరిలో 47 రోజులు, వంగలో 22 రోజులు, టమాటాలో 3 రోజులు, చెరకులో 208 రోజులు. వంకాయ రెండు మూడు రోజులకోసారి కోసి సంతకి పంపేవాడు 22 రోజులు ఎలా ఆగుతాడు? ఆగడు. అందుకే కాపులో ఉన్న వంగ తోటకి అది సరైన మందు కాదు. ఎమామెక్టిన్ బెంజోయేట్ 5% ఎస్‌జీకి (నీళ్లలో కరిగే గుళికల రకం) వంగలో 3 రోజులు, బెండలో 5 రోజులు ఉంది. ముందు కాయలన్నీ కోసేసి, ఆ తరవాత కొట్టి, ఆ రోజులు లెక్కపెట్టుకుని మళ్లీ కోతకి దిగొచ్చు. పిచికారీ చేసిన తేదీ క్యాలెండరు మీద రాసి పెట్టుకోండి, ఇంట్లో ఇంకెవరైనా కోతకి వెళ్లినా తెలుస్తుంది.

సొంత పొలంలో మందు వాడుకునే రైతుకి పురుగుమందుల చట్టం వర్తించదని 38వ సెక్షనే చెబుతోంది. ఆ మాట విని ధీమా పడేవాళ్లున్నారు. అమ్మేవాడికి, తయారుచేసేవాడికి ఆ మినహాయింపు లేదు. మన సరుకు కొన్న వ్యాపారికి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం ఉంది, ఆహారంలో మందు అవశేషానికి హద్దులున్నాయి. ప్రత్యేకంగా హద్దు పెట్టని చోట మామూలుగా కిలోకి 0.01 మిల్లీగ్రాములే. సరుకు పరీక్షలో దొరికితే ఆ దెబ్బ తిరిగి తిరిగి మన ధర మీదే పడుతుంది.

రంగు గుర్తు

లేబుల్ మీద డైమండ్ ఆకారంలో ఒక గుర్తు ఉంటుంది. కింది సగంలో రంగు, పై సగంలో హెచ్చరిక. ఎరుపు అత్యంత విషం, పుర్రె గుర్తు కూడా ఉంటుంది. పసుపు దాని తరవాతిది, దానిపైనా విషం అన్న మాట ఎర్ర అక్షరాల్లో ఉంటుంది. నీలానికి ప్రమాదం అని, ఆకుపచ్చకి జాగ్రత్త అని రాస్తారు. ఈ రంగులు మనిషి లాంటి జంతువుకి ఒకేసారి ఎక్కువ మోతాదు పడితే ఎంత ప్రమాదమో చెబుతాయి, అంతే. ఆకుపచ్చ గుర్తు చూసి ఇది ఆర్గానిక్ అనుకోవడం మామూలైపోయింది. ఆకుపచ్చ గుర్తున్న మందు కూడా తేనెటీగనో, చెరువులో రొయ్యనో చంపగలదు. గెడ్డ (వాగు) పక్కన పొలమున్నవాళ్లు, పూత మీదున్న జీడితోటలో కొట్టేవాళ్లు రంగుతో సరిపెట్టుకోకుండా కరపత్రంలో చేపలు, తేనెటీగల గురించి ఏం రాశారో చదవాలి. వరిలో సింథటిక్ పైరెత్రాయిడ్లు (సైపర్‌మెత్రిన్ లాంటి మందులు) కొడితే సుడిదోమ ఇంకా పెరుగుతుంది. ఇది మాత్రం రంగులోనూ కనబడదు, షాపులోనూ చెప్పరు.

అసలు అమ్మకూడనివి

మన వరి రైతులకి బాగా అలవాటైన ఫోరేట్ గుళికలు 2020 డిసెంబరు 31తో పూర్తిగా నిషేధం. డైక్లోర్వాస్, ట్రయజోఫాస్ కూడా అదే జాబితాలో ఉన్నాయి. మిథైల్ పారథియాన్, కార్బరిల్ 2018లోనే పోయాయి. ఎండోసల్ఫాన్‌ని సుప్రీంకోర్టు 2011లో ఆపింది. కార్బోఫ్యూరాన్‌లో 3 శాతం గుళికలు తప్ప మిగతా రకాలకి 2023లో మంగళం పాడారు. మోనోక్రోటోఫాస్‌ని కూరగాయల మీద కొట్టడం 2005 నుంచీ నిషేధమే, అయినా బెండ చేలో దాని వాసన ఇప్పటికీ వస్తుంటుంది. కలుపు మందు గ్లైఫోసేట్‌ని లైసెన్సు ఉన్న పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల ద్వారానే వాడాలని 2022 అక్టోబరులో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. పాత నిల్వ ఉంది, తక్కువకిస్తానంటే ఈ పేర్లు గుర్తు చేసుకోండి. అటక మీద పాత ఫోరేట్ డబ్బా ఉంటే వాడేసి వదిలించుకుందామనుకోకుండా వ్యవసాయ అధికారికి చెప్పండి.

బిల్లు

షాపులో లైసెన్సు కనబడేలా పెట్టి ఉండాలి. అమ్మకం అరువైనా నగదైనా బిల్లు ఇవ్వాలి. బిల్లులో మందు పేరు, కంపెనీ, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, పరిమాణం రాయించుకోండి. మొత్తం అంకె మాత్రమే రాసిన చీటీ ఎందుకూ కొరగాదు. "మనలో మనకి బిల్లేంటి మావా" అంటే, "మా అబ్బాయి లెక్క అడుగుతున్నాడు బాబూ" అనేయండి, గొడవ లేకుండా పని జరుగుతుంది.

కలపడం, కొట్టడం

నీళ్లు కలపని మందు చేతిలో ఉన్నప్పుడే ప్రమాదం ఎక్కువ. అందుకని చేతి తొడుగులు కొట్టేటప్పటికంటే కలిపేటప్పుడు ముఖ్యం. చేత్తో కలపొద్దు, కర్ర వాడండి. నాజిల్ మూసుకుపోతే నోటితో ఊదొద్దు. పొడుగు చేతుల చొక్కా, ప్యాంటు, మాస్కు, కళ్లద్దాలు వేసుకోండి. ఎండలో ఇవన్నీ ఎవరేసుకుంటారంటారు, నిజమే, అందుకే పొద్దున్నే మొదలుపెట్టి ఎండెక్కేలోపు ఆపేయాలి. గాలికి ఎదురుగా వెళ్లొద్దు. కరపత్రంలో చెప్పకపోతే రెండు మూడు మందులు ఒకే ట్యాంకులో కలపొద్దు. కొట్టేటప్పుడు బీడీ, ఖైనీ వద్దు. పని అయ్యాక బట్టలు విడిగా ఉతకాలి.

ఖాళీ సీసాని మూడుసార్లు కడిగి, ఆ నీళ్లు ట్యాంకులోనే పోసి చేనుకే కొట్టేయండి. తరవాత సీసాకి చిల్లులు పొడిచి లేదా పగలగొట్టి ఇళ్లకి, బావికి, గెడ్డకి దూరంగా పాతిపెట్టాలని నిబంధన. కిరోసిన్‌కో నూనెకో పనికొస్తుందని ఇంటికి తేవద్దు. మందుని కూల్‌డ్రింక్ సీసాలోకి ఎప్పుడూ మార్చొద్దు.

ఒంటికి పడితే, నోట్లోకి పోతే

చెమటలు, చొంగ, వాంతులు, చూపు మసకబారడం, కండలు అదరడం కనబడితే పని ఆపి, బట్టలు విప్పించి, సబ్బుతో ఒళ్లు కడిగి, 108కి ఫోన్ చేయండి. పేడ నీళ్లు, ఉప్పు నీళ్లు తాగించి వాంతి చేయించొద్దు. నూనె ద్రావకాలున్న ఈసీ మందులు వాంతిలో ఊపిరితిత్తుల్లోకి పోతే పరిస్థితి ఇంకా చెడుతుంది. అన్నిటికంటే ముఖ్యం, సీసానీ కరపత్రాన్నీ మనిషితో పాటే ఆసుపత్రికి పట్టుకెళ్లండి. శ్రీకాకుళం రిమ్స్‌లోనైనా విజయనగరం ప్రభుత్వ ఆసుపత్రిలోనైనా డాక్టరు మొదట అడిగేది ఏ మందు అనే. క్లోర్‌పైరిఫాస్, ప్రొఫెనోఫాస్ లాంటి ఆర్గనోఫాస్ఫరస్ మందులకి అట్రోపిన్ విరుగుడు, అది లేబుల్ మీదే రాసి ఉంటుంది. పారాక్వాట్ కలుపు మందుకి అసలు విరుగుడే లేదు. ఢిల్లీ ఎయిమ్స్‌లోని విష సమాచార కేంద్రం 1800 116 117 నంబరులో ఎప్పుడైనా దొరుకుతుంది.

మందు పనిచేయకపోతే

డోసు, నీళ్లు, సమయం అన్నీ సరిగ్గా ఉండి కూడా పురుగు చావలేదంటే, పంట మాడిందంటే ఆలస్యం చేయకండి. పురుగుమందుల ఇన్‌స్పెక్టరు అధికారం మన దగ్గర మండల వ్యవసాయ అధికారికే ఉంటుంది. బిల్లు నకలు, సీసా ఫొటో జతచేసి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకోండి. ఇక్కడొక చిక్కుంది. మీరు మూత తీసిన సీసా చట్టప్రకారం నమూనాగా నిలవడం కష్టం. అధికారి షాపుకి వెళ్లి అదే బ్యాచ్‌లోని సీలు తీయని సరుకు నుంచి నమూనా తీసి, దాన్ని మూడు భాగాలు చేసి సీలు వేస్తారు. ఒకటి షాపతనికి ఇచ్చి, ఒకటి ప్రయోగశాలకి పంపుతారు, ఒకటి కోర్టు కోసం. విశ్లేషకుడు 30 రోజుల్లో నివేదిక ఇవ్వాలి. ఆ బ్యాచ్ షాపులో అమ్ముడైపోయాక వెళ్తే తీయడానికి నమూనా ఉండదు. అందుకే బిల్లు మీద బ్యాచ్ నంబరు అంత పట్టుబట్టి రాయించమన్నది.

నష్టపరిహారం దారి వేరు. రైతు కూడా వినియోగదారుడేనని 2012లో జాతీయ విత్తన సంస్థ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది, అది మన రాష్ట్ర రైతులు వేసిన కేసే. శ్రీకాకుళం, విజయనగరం రెండుచోట్లా జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కొన్న విలువ 5 లక్షల రూపాయల దాకా అయితే ఫిర్యాదుకి రుసుము లేదు. గడువు రెండేళ్లు. తేదీ కనబడేలా తీసిన చేను ఫొటోలు, బిల్లు, మిగిలిన మందుతో సీసా, కరపత్రం, వీలైతే కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్తలు చేను చూసి రాసిన నివేదిక ఆ ఫైల్లో ఉండాలి. పాడైన చేను దున్నేసే ముందే శాస్త్రవేత్తల్ని పిలిపించుకోండి.